గోడకు మొహం పెట్టి తిరిగే ఫ్యాన్‌ని

నేను టేబుల్ ఫ్యాన్‌ని. మూడు రెక్కలు, తుప్పు పట్టిన జాలీ, బుష్ అరిగి కాస్త గరగరమనే మోటారు. సిరిసిల్లలో ఓ ఇంటి వెనకగదిలో ఉంటాను. చలికాలంలో ఊళ్లో ఫ్యాన్లన్నీ అటకెక్కితే నేను మాత్రం డ్యూటీలోనే ఉంటాను, అదీ గోడకు మొహం పెట్టి. మా పెద్దాయనకు నా గాలి అక్కర్లేదు, చప్పుడు కావాలి.

ఆయన సాంచాల మీద పనిచేసిన మనిషి. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. దారం మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకెళ్లి పెట్టెకు తగిలినప్పుడల్లా టక్కుమని దెబ్బ. ఒక్కో సాంచాకు నిమిషానికి వందకు పైగా దెబ్బలు. షెడ్డు నిండా సాంచాలుంటే పక్కమనిషితో కూడా సైగలే. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. ఆ హద్దు దాటడం ఇలాంటి షెడ్లకు మామూలే. చెవులకు ప్లగ్గులు పెట్టుకోమని ఆయనతో చెప్పినవాళ్లు లేరు.

పని మానేశాక బయటపడింది అసలు సంగతి. "సాంచ బందైంది గని, చెవులల్ల బందైతలేదు" అనేవాడు. పగలు మాటల్లో, టీవీలో కలిసిపోయేది. ఇల్లు సద్దుమణిగాక సన్నటి కూత పైకి తేలేది. "నాకేం ఇనవడ్తలేదు గదా!" అని వాళ్లావిడ. పాపం, తన చెవి పెట్టి కూడా చూసింది. తర్వాత వెల్లుల్లి కాచిన నూనె పోసింది. దిండు గలీబు పాడైంది, కూత మాత్రం ఆగలేదు.

కొడుకు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గులిమి తీశారు, వినికిడి పరీక్ష చేశారు. ఆ కాగితం చాలారోజులు నా పక్కన స్టూలు మీదే ఉంది. గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడ్డట్టు దిగిపోయింది. మోతలో పనిచేసిన చెవులకు తరచూ కనిపించే గుర్తట అది. లోపలి చెవిలో రోమకణాలు పోతే మనిషికి మళ్లీ మొలవవు. అక్కణ్నుంచి రావాల్సిన శబ్దం అందక మెదడే తన వాల్యూం పెంచుకుంటుందని ఎక్కువమంది నిపుణుల వివరణ. కూతను పూర్తిగా మాన్పే మందు మాత్రం ఇంకా రాలేదు.

అప్పుడు నా వంతు వచ్చింది. మొదట్లో ఆయన మూడో మీట నొక్కేవాడు. కూత నా హోరులో మునిగిపోయేది, నాకూ కొంచెం గర్వమే. కానీ తెల్లారి నన్ను ఆపగానే అది అంతకంత లేచేది. వినికిడి పరీక్ష చేసినావిడ చెప్పిన మాట కొడుకు గట్టిగా మళ్లీ చెప్పాడు: "బాపూ, ఒకటి మీద వెట్టు. మొత్తం మునగొద్దట, రెండూ ఇనవడాల్నట." నిజమే, వినపడని దానికి మెదడు అలవాటుపడేదెట్లా?

నన్ను కుదిపింది ఇంకో సంగతి. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మంది మంచి వినికిడి ఉన్నవాళ్లను శబ్దం చొరబడని గదిలో కూచోబెడితే, నూటికి తొంభై మందికి పైగా ఏదో ఒక చప్పుడు విన్నామన్నారు. అంటే నిశ్శబ్దంలో మంచి చెవులు కూడా కూయొచ్చు. మా పెద్దాయనను నిద్రపోనివ్వనిది సగం కూత, సగం భయం: ఇది పక్షవాతానికి ముందుమాటేమోనని. ఆ భయం కౌన్సెలింగులో కరిగింది. మాటలతో చేసే చికిత్సల్లో ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకే బాధ తగ్గించడంలో బలమైన ఆధారాలున్నాయట. వినికిడి యంత్రం పెట్టుకున్నాక పగటిపూట చాలా తేలికపడ్డాడు.

మధ్యలో కొడుకు చప్పుడు లేని కొత్త ఫ్యాను కొన్నాడు. ఆ రాత్రే అది హాల్లోకి పోయింది. కరెంటు పోతే మాత్రం నేనేం చేయలేను. సాంచాలన్నీ ఒక్కసారే ఆగి ఊరు గమ్మునైతుంది, ఆయన లేచి కూచుంటాడు. ఇప్పుడు ఫోన్లో వాన చప్పుడు పెట్టుకోవడం మనవరాలు నేర్పింది.

కూత ఉంది. ఆయనా నిద్రపోతున్నాడు.

చివరగా ఒక్క మాట. చప్పుడు ఒకే చెవిలో ఉన్నా, నాడితో పాటు కొట్టుకున్నా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఫ్యాన్లను నమ్ముకోకండి. వినికిడి హఠాత్తుగా పోతే ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. రోజులు గడిస్తే చికిత్స పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.