పాలాయనకే టెండరు

గండిపేట ఒడ్డున శంకుస్థాపన అయిపోయింది. 7,360 కోట్ల రూపాయలతో మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీళ్లు హైదరాబాద్ నగరానికి వస్తాయట. అందులో 17.5 మన గొంతుల్లోకి, మిగతా 2.5 మూసీలోకి. తాగే నీళ్లకు వంక పెట్టేంత మూర్ఖుణ్ని కాను. నా మనసంతా ఆ రెండున్నర మీదే ఉంది. మంచినీళ్లు పోసి మూసీని ప్రక్షాళన చేస్తామన్న మాట చెవిన పడగానే, ఈ విద్యలో ఆరితేరినవాళ్లు మన ఊళ్లో ఎవరున్నారా అని ఆలోచించాను. ఎక్కడో ఎందుకు, రోజూ పొద్దున్నే మా గేటు దగ్గర బెల్లు కొట్టేది ఆయనే. మా పాలాయన.

నీళ్లు కలిపే రంగంలో ఆయనది వంశపారంపర్య అనుభవం. లండన్ వెళ్లలేదు, సియోల్ చూడలేదు. చదువంతా బోరింగు దగ్గరే. ఏ క్యానులో ఎన్ని నీళ్లు పడితే లాక్టోమీటరు ఎక్కడ నిలబడుతుందో, ఏ ఇల్లు ఎంత పలచదనానికి ఓర్చుకుంటుందో నోటిలెక్కగా చెప్పేస్తాడు. థేమ్స్ పేరు చెప్పి ఊరించిన ప్రభుత్వాలూ, హాన్ నది చూసొచ్చిన బృందాలూ ఇన్నాళ్లూ ఈయన్ని పట్టించుకోకపోవడం అన్యాయం. మూసీ ప్రాజెక్టుకు పాలాయన్నే సలహాదారుగా వేసుకోవాలి. టెండరు అర్హతల్లో 'కల్తీలో కనీసం పదేళ్ల అనుభవం' అని ఒక్క లైను చేర్చండి. ఆ అర్హత ఉన్నవాళ్లు సచివాలయం చుట్టుపక్కల కూడా బోలెడుమంది దొరుకుతారు గానీ, నీళ్లలో అనుభవం మాత్రం ఈయనదే.

ప్రతిపాదన ఆయన ముందు పెట్టాను. "ఎన్ని నీళ్లల్ల ఎన్ని కలుపుతరట సార్?" అన్నాడు. లెక్క చెప్పాను. జలమండలి చెప్పేదాని ప్రకారం నగరం రోజుకు వదిలే మురుగు దాదాపు 195 కోట్ల లీటర్లు. 2.5 టీఎంసీలను ఏడాది పొడవునా సర్దితే రోజుకు వచ్చేది 19 కోట్ల లీటర్ల పైచిలుకు. అంటే పదికి ఒకటి. పాలాయన క్యాను కింద పెట్టేశాడు.

"పది బిందెల మోరీ నీళ్లల్ల ఒక్క బిందె మంచినీళ్లు పోస్తే ఏమైతది సార్? పదకొండు బిందెల మోరీ నీళ్లయితయి. గింత మోసం నేను ఎన్నడు జెయ్యలే."

సరే, మరి ఎంత కలిపితే లెక్క కుదురుతుంది? పాలకు లాక్టోమీటరు ఉన్నట్టే నదికి బీఓడీ అని ఒకటుంది. నీళ్లలోని కుళ్లును సూక్ష్మజీవులు తినేయడానికి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. స్నానానికి పనికిరావాలంటే అది 3 దాటకూడదు. మన మురుగంతా, చుక్క పోకుండా, బాగా శుద్ధి అయి 10 దగ్గరికి వచ్చిందనే అనుకుందాం. గోదావరి నీళ్లలో 2 ఉందనుకుందాం. అప్పుడు కూడా ఒక బిందెకు ఏడు బిందెల గోదావరి పోస్తే తప్ప 3కి దిగదు. రోజుకు దాదాపు అర టీఎంసీ! ఘనంగా ప్రకటించిన 2.5 టీఎంసీలు ఐదు రోజుల్లో ఖాళీ. ఆరో రోజు ఏం చెయ్యాలో పాలాయన్ని అడిగితే, ఆ రోజు పాలు విరిగిపోయాయని చెప్పాలన్నాడు.

అయినా ఆయన చేతులెత్తేయలేదు. వృత్తి రహస్యం ఒకటి బయటపెట్టాడు. బండి మీద ముందు క్యాను ఎప్పుడూ చిక్కటి పాలదే. ఇన్‌స్పెక్టరు ఆపితే మూత తీసి చూపించేది దాన్నే. మూసీలోనూ గోదావరి నీళ్లు పడేచోట ఒక ఘాటు కట్టి, పూలకుండీలు పెట్టి, నమూనా అక్కడే తీయించాలి. నాగోలు దాటి కిందికి ఎవరినీ తీసుకెళ్లకూడదు. పర్యాటకం కలిసొస్తుంది, రిపోర్టూ కలిసొస్తుంది.

ఇంతకీ నీళ్లు కలిపే ఈ విద్యను ప్రభుత్వం కొత్తగా కనిపెట్టిందనుకుంటే పొరపాటు. పారిశ్రామికవాడల నాలాల పక్కన కాపురముండేవాళ్లను అడగండి. మబ్బు పట్టిందంటే చాలు, వాళ్లు కిటికీలు మూసేసుకుంటారు. వాన జోరందుకున్నాక, అర్ధరాత్రి దాటాక, ముక్కులు మండించే వాసనతో నాలా రంగు మారుతుంది. దాచిపెట్టిన వ్యర్థాలను వాన నీళ్లలో వదిలేస్తే సాక్ష్యం తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. వరుణుడి చేత పాలు పలచన చేయించే ఆ పెద్దమనుషుల ముందు మా పాలాయన బచ్చా.

పటాన్‌చెరు కథైతే ఈ శాస్త్రంలో పీహెచ్‌డీ. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇది శుద్ధి చేశాక సంగతి! ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి పోయేవి. జనం పోరాడి, కోర్టులకెక్కాక పైపులైను వేసి నగరం మురుగులో కలిపారు. అంబర్‌పేట మీదుగా మూసీకి దారి చూపించారు. గోదావరికి పోయే విషాన్ని మోసుకొచ్చి మూసీలో పోసింది మనమే. ఇప్పుడు గోదావరినే మోసుకొచ్చి ఆ మూసీని కడుగుతామంటున్నదీ మనమే. పైగా నీళ్లు కలిపితే మందు పలచబడుతుందే గానీ ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఆ పలచటి మోతాదుకు చావని క్రిములు, రేపు ఆసుపత్రిలో అసలు మోతాదుకూ చావకుండా ఎలా తట్టుకోవాలో నేర్చుకుంటాయి.

ఇక్కడిదాకా పాలాయన నవ్వుతూనే విన్నాడు. తన బర్రెలకు గడ్డి ఎక్కడిదని అడిగితే నవ్వు ఆగిపోయింది. పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డునే. ఆడవాళ్లు మోకాళ్ల లోతు నల్లనీళ్లలో దిగి ఆ గడ్డి కోస్తారు. కాళ్లకు దురద, పుండ్లు. కట్టలు కట్టి మోపెడ్ల మీద వేస్తే పచ్చగా నిగనిగలాడుతూ నగరంలోకి వస్తుంది. నదిలోకి మనం వదిలింది గడ్డిలోంచి, బర్రెలోంచి, క్యానులోంచి తిరిగి మన పిల్లల గ్లాసుల్లోకే చేరుతోంది. దీన్ని ఏ లాక్టోమీటరూ పట్టుకోదు.

ఇక వ్యంగ్యం చాలు. పాలల్లో నీళ్లు కలిపినవాడికి చట్టం 5 లక్షల దాకా జరిమానా రాసిపెట్టింది. నీళ్లలో విషం కలపకూడదన్న చట్టం 1974 నుంచి ఉంది. అప్పటినుంచి మూసీ మాత్రం నల్లబడుతూనే వచ్చింది. కాగితం మీద పాత, కొత్త శుద్ధి కేంద్రాలన్నీ కలిపితే సామర్థ్యం రోజుకు 200 కోట్ల లీటర్లు దాటుతుంది. వచ్చే మురుగు కంటే అదే ఎక్కువ. అవి పనిచేస్తే, మూసీని కడగడానికి గోదావరి ఎందుకు? పనిచేయకపోతే, గోదావరి పోసి ఏం లాభం? నదిలో ప్రవాహం ఉండాలి కదా అంటారా? శుద్ధి చేసిన నీరే రోజుకు 195 కోట్ల లీటర్లు పారితే అదే ప్రవాహం.

రుద్రవెల్లి దగ్గర వంతెన మీదికి నురగ ఎగిరిపడుతుంటే బండ్లు ఆపుకుని నిలబడేవాళ్లు, వలిగొండ, బీబీనగర్ వైపు ఇదే నీటితో వరి పండించి ఆ బియ్యం తమ ఇంట్లో వండుకోవడానికి జంకేవాళ్లు నదిలో ఇంకేదో పొయ్యమని ఎన్నడూ అడగలేదు. పోస్తున్నది ఆపమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఏ నాలాలోకి ఏ గొట్టం తెరుచుకుంటుందో కాలుష్య నియంత్రణ మండలి తల్చుకుంటే వారంలో తేల్చగలదు. ఆ జాబితా బయటపెట్టండి. ఆ గొట్టాలు మూయించండి, వాటి యజమానులను కోర్టుకు లాగండి. ప్రతి శుద్ధి కేంద్రంలోకి ఎంత వెళ్లింది, వెళ్లకుండా ఎంత నదిలో పడింది అన్న లెక్క రోజూ గేటుకు అంటించండి. ఆ తర్వాత గోదావరి తెస్తారో గంగే తెస్తారో మీ ఇష్టం. అది చెయ్యకుండా, ఎండాకాలం ట్యాంకరు కోసం ఖాళీ బిందెలు వరస పెట్టే ఈ నగరంలో 2.5 టీఎంసీల మంచినీళ్లు తెచ్చి మోరీలో పోస్తే మాత్రం, ఆ నీళ్లను పాడుచేసిన నేరం కూడా మీ ఖాతాలోనే పడుతుంది.