సెట్ చేద్దాంలే అన్న

నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు కొదవ లేదు. 'సెట్ చేద్దాంలే' అన్నను మాత్రం వాళ్లలో జమకట్టకూడదు. వాళ్లు ముందు ఏమైందని అడుగుతారు. ఈయన అడగడు. మనం "అన్నా, మొన్నటి నుంచి ఇది..." అనేలోపే "సెట్ చేద్దాంలే" అని మనల్ని కుర్చీలోంచి లేపి తాను కూర్చుంటాడు. ఆ తర్వాత ఏమైందో మనకూ గుర్తుండదు.

వయసు ఇరవై ఎనిమిది నుంచి నలభై అయిదు వరకు ఎంతైనా ఉండొచ్చు. తండ్రి వయసువాళ్లు కూడా అన్నా అనే పిలుస్తారు, పని అవతలివాళ్లది కాబట్టి. చెవిలో బ్లూటూత్, జేబులో రాయని పెన్ను, తాళాల గుత్తికి మూడు పెన్‌డ్రైవులు. ఎవరి పెళ్లి ఫోటోలు దేంట్లో ఉన్నాయో ఆ నరసింహస్వామికే ఎరుక. శ్రీనివాస సెంటర్ దగ్గర సందులో షాపు. బోర్డు మీద ఆధార్ ప్రింటు, కరెంటు బిల్లు, హాల్ టికెట్లు, లామినేషన్ వరుసగా ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక, అడుగున మిగిలిన జానెడు చోటులో 'జిల్లా స్థాయి వెబ్‌సైట్లు చేయబడును' అని కూడా చేర్పించాడు. జిల్లా స్థాయి వెబ్‌సైటు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మండల స్థాయి కంటే ఖరీదని మాత్రం విన్నాను.

ఆ బోర్డు చూసే ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పాచారి వచ్చాడు. నంద్యాల నుంచి కడప రోడ్డున నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఊరు కనబడకముందే ఉలి దెబ్బలు వినబడతాయి. రోడ్డు పక్కన ఆంజనేయులు, గరుత్మంతులు, నందులు, మధ్యమధ్యలో చెయ్యెత్తిన నాయకులు, అందరి మీదా ఒకేలా తెల్లని రాతిపొడి. అక్కడి విగ్రహాలు రాష్ట్రాలు దాటి, సముద్రాలు దాటి గుళ్లకు పోతాయి. దూరాన ఉన్నవాళ్లు ఫోటోలు చూసి ఆర్డరిచ్చే కాలం కాబట్టి ఆచారికీ ఒక సైటు కావాలి. అన్న పది రోజుల్లో చేసిచ్చాడు. చూడ్డానికి బాగానే ఉంది. పైన వరుసగా విగ్రహాల ఫోటోలు. మౌసుతో నొక్కిపట్టి ఎడమకు జరిపితే తర్వాతి విగ్రహం రావాలి, ఫోటో మీద నొక్కితే దాని కొలతల పేజీ తెరుచుకోవాలి.

చిక్కు అక్కడే వచ్చింది. ఆచారి వినాయకుణ్ణి నొక్కిపట్టి ఎడమకు జరపబోయాడు. వరుస కదల్లేదు. వినాయకుడి నీడ ఒకటి పలచగా విడివడి మౌసు వెంట బయల్దేరింది, పక్కన అడ్డగీత గుండ్రం గుర్తుతో సహా. భయపడి వదిలేశాడు. నీడ మాయమైంది గానీ, ఇప్పుడు వేలు దేనిమీదా లేకపోయినా మౌసు ఎటు పోతే విగ్రహాల వరుసంతా అటే పరుగెత్తడం మొదలుపెట్టింది.

"నేను వదిలేసినా ఇది నన్ను వదలడంలేదే నాయనా!" అన్నాడు ఆచారి ఫోన్లో.

గ్రానైటు ఘనమీటరుకు దాదాపు 2,700 కిలోలు తూగుతుంది. అలాంటి రాయిని గజం జరపాలంటే చైన్ పుల్లీ కావాలి, క్రేను కావాలి, నలుగురు నాలుగు వైపుల నిలబడి "నిదానం, నిదానం" అని అరవాలి. యాగంటి బసవన్న పెరుగుతాడని మన జిల్లాలో అందరూ నమ్ముతారు, నడిచాడని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు. అలాంటి చోట ఒంటివేలితో వినాయకుడు పెకలించుకు రావడమంటే ఆచారికి చిన్న విషయం కాదు.

నిజానికి ఇందులో అన్న చేసిన పాపం సగమే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో, 1999లో, మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన లాగి వదిలే పద్ధతినే తర్వాత హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం కూడా తీసుకుంది. పేజీలో ఫోటో పెట్టినా లింకు పెట్టినా, వద్దని చెబితే తప్ప, అది లాగితే వచ్చేదేనని బ్రౌజరు లెక్క. ఫోటోను లాగి డెస్క్‌టాప్ మీద పడేసుకునేవాడికి అది వరం. మన వరుసకు అదే శాపం. నొక్కి జరిపేది వరుస కోసమా ఫోటో కోసమా అని బ్రౌజరు అడగదు, తన లాగుడు తాను మొదలుపెట్టేస్తుంది. ఒకసారి మొదలుపెట్టాక, వేలు ఎత్తేశామన్న కబురు మామూలుగా పేజీకి చేరదు. పాపం ఆ వరుస, ఇంకా పట్టుకునే ఉన్నారనుకుని వెంటపడుతుంది.

ఈ మాట అన్నకు తెలుసా అంటే, తెలుసుకోవాలంటే ఆచారి చెప్పేది పూర్తిగా వినాలి కదా.

"సెట్ చేద్దాంలే స్వామీ" అని బండెక్కి ఆళ్లగడ్డ వచ్చాడు. వచ్చీరాగానే తప్పు మౌసుదన్నాడు. సంచిలోంచి కొత్త మౌసు తీసి పెట్టాడు. కొత్త మౌసుకు వినాయకుడు ఇంకా హాయిగా వచ్చాడు. తర్వాత తప్పు నెట్‌దన్నాడు. క్యాష్ తుడిచాడు, సిస్టం ఆపి వేశాడు. ఆ కాసేపూ వినాయకుడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు, స్క్రీను నల్లగా ఉంది కాబట్టి.

అప్పుడు కోడ్‌లోకి దిగాడు. ప్రతి ఫోటోకూ 'డ్రాగబుల్ ఫాల్స్' అని రాశాడు. ఫోటోలు ఆగాయి. కానీ ప్రతి ఫోటో చుట్టూ కొలతల పేజీకి పోయే లింకు ఉంది కదా, దానికి వద్దని ఎవరూ చెప్పలేదు. ఈసారి విగ్రహం బదులు దాని అడ్రసు ఊడి వచ్చింది. "దేవుడు ఆగినాడు, విలాసం పోతాంది" అన్నాడు ఆచారి.

ఇక్కడ అన్నకు పౌరుషం వచ్చింది. పొలంలో తూము కారుతోందంటే కె.సి. కాలువనే కట్టేయించే రకం ఈయన. రైట్ క్లిక్ తీసేశాడు. అక్షరాల్ని ఎంచుకోవడం తీసేశాడు. "ఇంక మీ ఫోటోలు ఎవరూ కొట్టేయలేరు స్వామీ, ఫుల్ సెక్యూరిటీ" అని దానికో పేరు కూడా పెట్టాడు. స్క్రీన్‌షాట్ తీయడం తెలిసిన ఆచారి మనవడు ఆ మాట విని మర్యాదగా ఊరుకున్నాడు. ఫోటోలు భద్రమయ్యాయో లేదో గానీ, పేజీ అడుగునున్న ఫోన్ నంబరు మాత్రం ఎవరూ కాపీ చేసుకోలేకుండా భద్రమైంది. లాగుడు ఇంకా పోలేదు. ఆఖరి అస్త్రంగా మొత్తం పెట్టెకే 'పాయింటర్ ఈవెంట్స్ నన్' అని కొట్టాడు. అంటే మౌసు వచ్చినా ఆ పెట్టెకు తెలియనే తెలియదు.

"ఇప్పుడు లాగండి స్వామీ!"

ఆచారి లాగాడు. ఏదీ కదల్లేదు. అన్న మీసం మీద చెయ్యేశాడు.

"మరి పక్క విగ్రహం ఎట్లా చూడల్ల?"

"లాగితే వస్తాదని మీరే కదా కంప్లైంట్!"

"నొక్కితే కొలతలన్నా రావల్ల కదా నాయనా? ఆర్డరు బటన్ కూడా సచ్చింది."

ఈ జాతిలో నాకు నచ్చే గుణం ఒకటుంది, సిగ్గుపడరు. అన్న సిగ్నల్ కోసమని బయటికి పోయి, సగం చెక్కిన నంది నీడలో నిలబడి ఫోన్లో ఏదో చదివాడు. రెండు సార్లు "ఓహో" అన్నాడు. లోపలికొచ్చి అంతవరకు రాసిందంతా చెరిపేసి, వరుస ఉన్న పెట్టెకు ఒక్క మాట చెప్పాడు. 'డ్రాగ్‌స్టార్ట్' అనే కబురు రాగానే 'ప్రివెంట్ డిఫాల్ట్'. లోపలున్నది ఫోటో అయినా లింకైనా, బ్రౌజరు తన లాగుడు మొదలుపెట్టబోయే క్షణంలోనే వద్దనడం, అంతే. మిగతా వాటి జోలికి పోదు. వరుస వేలి వెంట జరిగింది, వేలెత్తగానే ఆగింది. నొక్కితే కొలతలు వచ్చాయి. నంబరు కాపీ అయింది.

ఒక్క లైను. అన్నకు అదే పెద్ద తలనొప్పి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేసిన పనంతా చెరిపేసినవాటిలో పోయింది, మిగిలింది చూస్తే వేలెడు. వేలెడు పనికి ఎవరు డబ్బిస్తారు? అందుకని ఇంకో అరగంట కూర్చుని, కోడ్ పైకీ కిందికీ తిప్పుతూ, రాస్తూ చెరుపుతూ, మధ్యలో ఒకసారి "అమ్మో" అని కూడా అన్నాడు. ఆచారి చూస్తూనే ఉన్నాడు. రాతి దగ్గర కూలీలను ఏళ్ల తరబడి చూసినవాడు, దెబ్బ పడే ఉలికీ పడని ఉలికీ తేడా తెలియదా. ఏమీ అనలేదు, టీ తెప్పించాడు.

టీ గ్లాసు దించేలోపు నంద్యాల ఫ్లెక్సీ షాపు నుంచి ఫోను. ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు, ఆచారి తరఫున స్వాగత ఫ్లెక్సీ వేయాలి. సైటులోంచి ఫోటో తీసుకుందామంటే రావడం లేదట.

"ఇంతకుముందు లాగితే డెస్క్‌టాప్ మీదికి వచ్చేది కదన్నా, ఏమైంది?"

"రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకోప్పా."

"అన్ని నొక్కుళ్లు ఎవరు నొక్కుతారన్నా? లాగి పడేసేది అలవాటు నాకు."

అన్న ఫోను చేత్తో మూసి, ఆచారి వైపు తిరిగి, చాలాసేపటి తర్వాత మొదటిసారి నిజంగా సంతోషంగా కనిపించాడు.

"స్వామీ, లాగకుండా చేసేది ఒక పని. ఆయనొక్కడికి లాగితే వచ్చేటట్టు చేసేది ఇంకో పని. రేట్లు వేరే."

బిల్లు అక్కడే, పాలిష్ కాయితం వెనక రాశాడు. మొదటి పనికింత, రెండో పనికింత, పెట్రోలు. అన్నిటికంటే కింద, కాస్త చిన్న అక్షరాల్లో, మౌసు ఒకటి.