తేదీల లెక్కకు కొన్ని తలకిందుల సలహాలు

చెన్నై జార్జి టౌన్‌లో రోజులు లెక్కపెట్టకుండా ఎవరికీ పూట గడవదు. గొడౌన్ స్ట్రీట్‌లో బట్టల బాకీలకు గడువు, ఆండర్సన్ స్ట్రీట్‌లో శుభలేఖలకు గడువు, లింగి చెట్టి వీధిలో ఓడ సరుకుకు గడువు, హైకోర్టు ఆవరణలో దావాకు గడువు. ఇక్కడ దెబ్బతినేది లెక్క రానివాళ్లు కాదు. ఇంగితజ్ఞానంతో లెక్కవేసి, కేలండర్ మీద ఒక సున్నా చుట్టి, నిశ్చింతగా పడుకునేవాళ్లే దెబ్బతింటారు. అందుకే కింద రాసేవన్నీ ఇంగితానికి అడ్డం తిరిగే సలహాలు. వినగానే తప్పనిపిస్తాయి. అయినా పాటించమనే చెబుతాను.

పనిదినాల్లో ఇచ్చే గడువును ఎప్పుడూ ఒప్పుకోకండి. "పది పనిదినాల్లో ఇచ్చేస్తాం సార్" అనే మాట వినడానికి పద్ధతిగానే ఉంటుంది. 2026 జనవరి 9, శుక్రవారం నాడు ఆ మాట ఇచ్చారనుకోండి. కంప్యూటర్‌లో శని, ఆదివారాలు మాత్రమే తీసేసి లెక్కవేస్తే జనవరి 23 వస్తుంది. శుభలేఖలు అచ్చువేసే దుకాణం శనివారాలు తెరిచే ఉంటుంది. కానీ పొంగల్, తిరువళ్లువర్ దినం, ఉళవర్ తిరునాళ్ అని 15, 16, 17 తేదీలు మూసేస్తారు. ఆ లెక్కన 24. బ్యాంకుకు 10న రెండో శనివారం, 24న నాలుగో శనివారం, 26న గణతంత్ర దినం కూడా పోతాయి కాబట్టి 28. మాట ఒకటే, తేదీలు మూడు, ఎవరూ అబద్ధమాడలేదు. పైగా ప్రెస్సులో కటింగ్ మిషన్ నడిపే మనిషి పండక్కి సొంతూరు వెళితే, దుకాణం తెరిచిన రోజే అతనూ తిరిగి వస్తాడని ఏ కేలండరూ చెప్పదు. అందుకని రోజుల సంఖ్య అడక్కండి. ఫలానా తేదీ, ఫలానా వారం, ఎన్ని గంటలకు అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి. అలా అడగడం మొరటుగా ఉంటుందని మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పెళ్లిపనుల్లో పడ్డవాళ్లకు ఆ మొహమాటం చాలా ఖరీదవుతుంది.

మొదటి రోజును పారేయండి. చేతికొచ్చిన రోజును వదులుకోమంటే ఎవరికీ మనసొప్పదు. కానీ ఫలానా రోజు 'నుంచి' అని గడువు పెట్టినప్పుడు ఆ రోజును లెక్కలో చేర్చకూడదని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతోంది. 1963 లిమిటేషన్ చట్టానిదీ ఇదే దారి. ఆ ఒక్క రోజు ఎంత బరువైందో సాకేత్ ఇండియా కేసులో తెలిసింది. చెక్కు చెల్లలేదని పంపిన నోటీసు 1995 సెప్టెంబరు 29న అందింది. డబ్బు కట్టడానికి చట్టమిచ్చిన 15 రోజులు అక్టోబరు 14తో తీరిపోయాయి. ఆపైన నెలలోగా వేయాల్సిన ఫిర్యాదును నవంబరు 15న వేశారు. అక్టోబరు 15ను కలుపుకుంటే నెల దాటినట్టే, వదిలేస్తే సరిగ్గా నెల. వదిలేయాలనే సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది. అయితే ఈ సలహాను ఆఖరి రోజు దాకా ఆగడానికి వాడుకోవద్దు. మీ హక్కు ఎంతవరకూ ఉందో తెలుసుకోవడానికి వాడండి.

నెలంటే 30 రోజులని అనుకోకండి. దీనికి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనే ఉంది. 1878 ఆగస్టు 30న రాసిన మూడు నెలల బిల్లు (ఇన్ని నెలలకు డబ్బు చెల్లించాలనే పత్రం) డిసెంబరు 3న చెల్లాలి. ఆగస్టు 31న రాసిందీ డిసెంబరు 3నే. నవంబరులో 31 లేదు కాబట్టి రెండూ 30 దగ్గరే ఆగుతాయి, పైన మూడు రోజుల వెసులుబాటు కలుస్తుంది. ఒకరోజు ఆలస్యంగా రాస్తే ఒకరోజు ఆలస్యంగా చెల్లించవచ్చనే సహజమైన ఆలోచన ఇక్కడ నిలవదు. చెక్కు తిరిగొచ్చినప్పుడు నోటీసు పంపడానికి మాత్రం చట్టం నెల అనకుండా 30 రోజులంది. బ్యాంకు మెమో జనవరి 31న చేతికొస్తే ఆ గడువు మామూలు సంవత్సరంలో మార్చి 2 దాకా ఉంటుంది. నెలను రోజుల్లోకి, రోజులను నెలలోకి మార్చకండి. చట్టంలో, ఒప్పందంలో ఏ మాట ఉందో ఆ మాటతోనే లెక్కవేయండి.

సెలవొస్తే గడువు పెరుగుతుందని నమ్మకండి. కోర్టులో పెరుగుతుంది. ఆఖరి రోజు కోర్టు మూసి ఉంటే, తెరిచిన రోజున వేయవచ్చు. ఆ ధీమాను వ్యాపారంలోకి తెచ్చుకోవడమే ప్రమాదం. 2026 జూన్ 6న రాసిన రెండు నెలల బిల్లును చూడండి. ఆగస్టు 6కు మూడు రోజులు కలిపితే 9, ఆదివారం. గడువు తీరే రోజు సెలవైతే దానికి ముందున్న పనిరోజే గడువని 1881 చట్టం 25వ సెక్షన్ అంటుంది. ముందురోజు 8, రెండో శనివారం. బ్యాంకులకు అదీ సెలవే. అంటే 7, శుక్రవారమే డబ్బు సిద్ధంగా ఉండాలి. అదే ఆదివారంతో కోర్టు గడువు తీరేవాడికి సోమవారం దాకా సమయం ఉంటుంది. ఇద్దరూ ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద ఒకే టీకొట్టు దగ్గర నిలబడి ఉండవచ్చు. ఒకరి అనుభవాన్ని ఇంకొకరు సలహాగా తీసుకుంటే మునిగిపోతారు.

ఒకే చట్టంలోనైనా లెక్క ఒకేలా ఉంటుందని అనుకోవద్దు. రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్‌కు వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఓడ వచ్చే ముందురోజు ముగిసేలోగా దిగుమతి సరుకు పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, వేయాలనే కస్టమ్స్ చట్టం నిబంధన సెలవులను కూడా కలుపుకుంటుంది. మదింపు చేసి తిరిగిచ్చిన ఆ పత్రానికి సుంకం కట్టే ఒక్కరోజు గడువు మాత్రం సెలవులను మినహాయిస్తుంది. ఆదివారం ఒకచోట రోజే, ఇంకోచోట కాదు.

చివరగా శుభలేఖలు. చెన్నైలోని తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన నెలలు చంద్రుడి వెంట నడుస్తాయి, తమిళుల నెలలు సూర్యుడి వెంట. మనకు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, వాళ్లకు ఆడి మాసంలో లేవు. ఈ రెండూ ఒకటేనని ఊళ్లో చాలామంది అనుకుంటారు. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలై జూలై 24తో ముగిసింది. ఆడి జూలై 17 నుంచి ఆగస్టు 16 దాకా నడిచింది. మనకు శ్రావణం వచ్చి ముహూర్తాలు మొదలయ్యేసరికి వాళ్లకింకా ఆడి సగమైనా గడవలేదు. తమిళుల ఇంటి పిల్లను చేసుకునే తెలుగువాళ్లు రెండు నిషేధాలనూ కలిపి చూసుకుంటే ఏడు వారాలకు పైగా ఖాళీ. 2026లో ఆషాఢం జూలై 15 నుంచి ఆగస్టు 12 దాకా వస్తుంది కాబట్టి రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి.

కానీ ఆ ఏడాదే ఇంకో చిక్కుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా మనకు అధిక జ్యేష్ఠం, ముహూర్తాలుండవు. పెళ్లిళ్లు లేని నెల కదా, ప్రెస్సులన్నీ ఖాళీగా ఉంటాయి, తరువాత తీరిగ్గా ఇద్దాం అనుకుంటారు మనవాళ్లు. ఆండర్సన్ స్ట్రీట్‌కు మన అధికమాసంతో పనిలేదు. అప్పుడు తమిళులకు వైకాశి, పెళ్లిళ్ల రద్దీ కాలం. మన ముహూర్తాలన్నీ నిజ జ్యేష్ఠంలో, అంటే జూన్ 16 నుంచి జూలై 14 లోపు ఇరుక్కుంటాయి. ఆషాఢం రాకముందే ముగించాలనుకునే ఇళ్లన్నీ ఒక్కసారిగా అచ్చుకొస్తాయి.

కాబట్టి శుభలేఖలను అధికమాసంలోనే అచ్చుకివ్వండి. పెద్దలు అభ్యంతరం చెబుతారు. అచ్చు వేయడం శుభకార్యం కాదని, దేవుడి ముందు పెట్టి పసుపు అద్దడమే శుభకార్యమని నెమ్మదిగా చెప్పండి. కార్డు ఎంపిక, పేర్ల అక్షరదోషాలు దిద్దడం, తెలుగు, తమిళ ప్రూఫులు రెండిటినీ రెండు ఇళ్లవాళ్లకూ చూపించడం మే నెలలోనే కానివ్వండి. కట్టలు ఇంటికొచ్చాక విప్పకుండా బీరువాలో పెట్టండి. నిజ జ్యేష్ఠం వచ్చాక పురోహితుణ్ని అడిగి మంచిరోజు చూసుకుని, మొదటి కార్డుకు పసుపు అద్ది పంపకం మొదలుపెట్టండి.