ముందు ముక్తి, పిదప యముడు

కాళేశ్వర క్షేత్రమున ఒక్క పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు. రెండవది ముక్తేశ్వరుడు, అనగా శివుడు. దర్శించినవారికెల్ల శివుడు ముక్తి నొసగుచుండగా, పనిలేక కూర్చుండిన యముడు వచ్చి మొరపెట్టుకొనెననియు, శివుడు కనికరించి తన సరసనే చోటిచ్చి, ముందు యముని పూజించిన పిదపనే తన్ను సేవింపవలెనని కట్టడి చేసెననియు స్థలపురాణము. కొలువు పోవుననెడి బెంగ దేవతలకును తప్పలేదని దీనివలన తెలియుచున్నది గాని, నేనిప్పుడు చెప్పదలచినది ఆ వరుసను గూర్చి. భయంకరమైనదానిని మొదట చూపి, శుభమైనదానిని తరువాత చూపుటలో ఎంతటి మర్యాద కలదో అరువదేండ్లు దాటి ఆరోగ్య బీమా కొన్నవానికి గాని బోధపడదు. ఏలయన ఆ వర్తకమున వరుస తలక్రిందులు: రంగుల కరపత్రమున ముక్తేశ్వరుడు మందహాసము చేయుచుండును, నిబంధనల పొత్తమున, చీమతలలవంటి అక్షరముల మాటున, యముడు పొంచియుండును.

నేను భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి విరమించినవాడను. ఒకనాడు నా పూర్వశిష్యుడే ఏజెంటయి వచ్చి, పాదములంటి, “ఏం రంది పెట్టుకోకుండ్రి సార్, ఏడాదికి ముప్పైవేలు కడితె చాలు, తక్కినదంత మేం జూసుకుంటం” అనెను. రంది పెట్టుకోవద్దన్న మాటను విక్రయించుటకు ముందు వాడు నాకు పెట్టిన రంది ఇంతంత కాదు: గుండెపోట్లు, స్టెంటులు, డయాలసిస్సులు, ఐసీయూ బిల్లులు. యముని ఇంత విపులముగా వర్ణించిన శిష్యుడు యముని షరతులను మాత్రము వర్ణింపలేదు. నాకు వచ్చెడి ప్రావిడెంటు ఫండు పింఛను నెలకు రెండువేల చిల్లర. అనగా సంవత్సరమంతయు ముట్టక కూడబెట్టినను ఒక్క ప్రీమియమునకు చాలదు. అయినను కట్టితిని. గురువును శిష్యుడు ఓడించుట గురువునకు గర్వకారణమని పెద్దలనిరి గదా.

కట్టిన పిదప షరతులు చదివితిని. నా మధుమేహము “ముందే ఉన్న జబ్బు” అట. దానికి 36 నెలల నిరీక్షణ. మొదట 48 నెలలుండెడిదానిని హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ 2024లో 36కు తగ్గించి పుణ్యము కట్టుకొన్నది. ఇక ఈ మూడేండ్లును ఓపిక పట్టుమని నా చక్కెరకు, చక్కెర నాశ్రయించిన మూత్రపిండములకు నచ్చజెప్పుకొనుట నా వంతు. తరువాతిది గది అద్దె. మూడు లక్షల పాలసీలో దినమునకు ఒక్క శాతము, అనగా 3,000 రూపాయల గదికే అర్హత యున్నవాడు, వేరు గది దొరకక 6,000 గదిలో పండుకొన్నచో, కోత అద్దెతో ఆగదు. వైద్యుని ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు కూడ సగమునకు దిగును. ఆ ఖాతాలో రెండు లక్షలైనచో లక్ష మిగులును. దానిపై రోగియే భరింపవలసిన కో-పేమెంటు ఇరువది శాతము పోగా ఎనుబది వేలు. రోగి ఒక్కడే, శస్త్రచికిత్స ఒక్కటే. మంచము మారినందున వైద్యుని హస్తవాసి సగము విలువకు పడిపోవుట ధన్వంతరికిని తెలియని శాస్త్రము.

ఇక ప్రీమియము. వృద్ధులపై ఏడాదికి పది శాతమునకు మించి పెంచదలచినచో ముందుగా తన్ను సంప్రదింపవలెనని ఆ నియంత్రణ సంస్థయే 2025 జనవరిలో శాసించినది. వృద్ధులపై ఇంతటి దయ చూపిన శాసనమునకు నమస్కరించి, బడిలో గణితపు పంతులుగారి చెంత నేర్చిన పాటి లెక్కవేసితిని. ఏటేటా పదేసి శాతము, ఎవ్వరిని సంప్రదింపకయే, పెరిగినచో నేటి ముప్పదివేలు ఏడేండ్లకు 58 వేలు దాటును. పదునాలుగేండ్లకు లక్షా పదమూడువేలు దాటును. మరి ప్రావిడెంటు ఫండు కనీస పింఛనో? 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా నిలిచినది, నాటినుండి కదలలేదు. సింగరేణి బొగ్గు గనులలో దిగి ఊపిరితిత్తులు మసిచేసికొన్న కార్మికుల పింఛను 1998 నాటి పథకము ననుసరించి విరమణనాడు ఎంతయో, ముసలితనమున కూడ అంతయే. ప్రీమియము పరుగెత్తును, పింఛను కూర్చుండును. ఈ రెంటికి ముడివేసి దానికి “విరమణ ప్రణాళిక” యని పేరుపెట్టిరి.

ఇచ్చట ఆర్థిక సలహాదారులు లేచి, “వయసులో ఉండగానే కొనవలసినది” అందురు. నిజమే. వయసులో ఉండగా నాకు పిల్లల ఫీజులుండెను, జీతము నెల తప్పి వచ్చుచుండెను, నలుబది ఏండ్లు ఆరోగ్యముగా నుండి ప్రీమియము కట్టిన పుణ్యమును ముసలితనమున తూకము వేసి తిరిగి ఇచ్చెడి తక్కెడ ఏ దుకాణమునను లేకుండెను. మరికొందరు, “పన్ను మినహాయింపు కలదు, వృద్ధులకు ఏబదివేల వరకు” అందురు. పన్ను పడునంత ఆదాయమే లేనివానికి పన్ను మినహాయింపు బోడితలకు మల్లెదండ వంటిది. 2025 సెప్టెంబరు 22 నుండి ప్రీమియముపై జీఎస్టీ తీసివేసిరి. అది మేలే, కాదనను.

సర్కారు పథకములు లేవా యందురేమో, కలవు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరున పది లక్షలకు పెంచిరి. కాని కుమారుని ఉద్యోగము పుణ్యమాయని రేషను కార్డు లేని నా బోంట్లకు అది అద్దములోని పెరుగన్నము. డెబ్బది నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు 29న ఆరంభించిరి. చక్కని సంకల్పము. అరువదియొకటి మొదలు డెబ్బది వరకు మాత్రము మనము రోగము లేకుండ జాగ్రత్తగా నడచుకొనవలెను. ఆ తొమ్మిదేండ్ల వంతెన దాటినవాడు ధన్యుడు. కాళేశ్వరము ప్రాజెక్టులోని మేడిగడ్డ ఆనకట్టయే కట్టిన నాలుగేండ్లకు, 2023 అక్టోబరులో కుంగగా, మరమ్మతు ఎవరి ఖర్చున అనెడి వాదము బయలుదేరినదే, ఇక అరువదేండ్ల మోకాలికి పూచీ ఎవ్వరు?

ముక్తేశ్వర లింగమున రెండు నాసికారంధ్రములు కలవు. ఎన్ని బిందెలు పోసినను నిండవు. ఆ నీరు భూమిలోపలి దారిని గోదావరీ ప్రాణహితల సంగమమునకు చేరునని ప్రతీతి. ప్రీమియమునకును అదే గుణము: ఎంత పోసినను నిండదు. పోసినది ఎక్కడ తేలునో మాత్రము ఎవ్వరును చెప్పరు. సంగమమున మూడవ నదియగు సరస్వతి అంతర్వాహిని. పాలసీలో క్లెయిమును అంతర్వాహినియే. ప్రవహించుచున్నదని అందరును సెలవిత్తురు, కన్నవారు అరుదు.

షరతుల సారాంశపత్రమును, కోరినవారికి వారి భాషలో ఈయవలెనని 2024 జనవరి నుండి నియమము కలదని తెలిసి, తెలుగున పంపుడని కోరితిని. చక్కని ఇంగ్లీషులో వచ్చెను.

కావున నా విన్నపమొక్కటే. బీమా విక్రయింపబోవు ప్రతి ఏజెంటును ముందుగా కాళేశ్వరము పంపి సంగమస్నానము చేయించి, గర్భాలయమున నిలిపి, వరుస నేర్పవలెను: మొదటి పుటలో, పెద్ద అక్షరములలో, తెలుగున, ఈయబడనివేవో చెప్పుట, పిదప ఈయబడునవి. ముక్తి సంగతి తరువాత చూచుకొందము. యముడైనను శివుని గుడిలో దాగియుండలేదు గదా. పక్కనే, అందరికి కనబడునట్లు, మొదటనే కూర్చుండెను. నా శిష్యుడు మొన్న రెన్యూవలు కోసము మరల వచ్చి పాదములంటగా, “ముందు ఆయనకు మొక్కి రా బిడ్డా, తరువాత నా దగ్గరకు” అంటిని.