రూలు తప్పని కుర్చీలు

ప్రభుత్వ ఆఫీసుల్లో కొనుగోళ్ల చట్టాన్ని ఉల్లంఘిస్తున్నారని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. శుద్ధ అబద్ధం. కేంద్రంలో అలాంటి చట్టమే లేదు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో తొందరపడి చేసుకున్నాయి గానీ, ఢిల్లీది నిదానమే ప్రధానం. 2012లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2014లో ఆ సభతోపాటే అదీ కాలం చేసింది. లేని చట్టాన్ని ఉల్లంఘించడం ఎంత పెద్ద అధికారి వల్లా కాదు.

రూల్స్ మాత్రం ఉన్నాయి. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, ముద్దుగా జీఎఫ్ఆర్. 25 వేల రూపాయల దాకా కొటేషన్లు అక్కర్లేదని, ధరా నాణ్యతా బాగున్నాయని అధికారి సర్టిఫికెట్ ఇస్తే చాలని అప్పట్లో రాశారు. ఒక ఆఫీసుకి ముప్పై కుర్చీలు కావాల్సొచ్చాయనుకోండి.

“సార్, ఒక్కోటి మూడు వేలు. మొత్తం 90 వేలు. కమిటీ వెయ్యాలి.”

“ముప్పైమందీ ఒకేసారి కూర్చుంటారా ఏమిటయ్యా?”

సోమవారం ఎనిమిది, మంగళవారం ఎనిమిది, బుధవారం ఎనిమిది, గురువారం ఆరు. నాలుగు బిల్లులు, నాలుగు సర్టిఫికెట్లు. అవసరాన్ని ముక్కలు చేసి కొనకూడదంటుంది రూల్ 157. ఎవరు ముక్కలు చేశారండీ? ప్రతి కుర్చీ నిండుగా నాలుగు కాళ్లతోనే వచ్చింది! పరిమితి పెంచితే ఈ తంటా తప్పుతుందనుకోకండి. బిల్లులూ దాంతోపాటే పెరుగుతాయి.

ఆ పరిమితి దాటితే ముగ్గురు సభ్యుల కమిటీ బజారు తిరిగి ధర విచారించాలి. కమిటీ కదలక్కర్లేదు, బజారే కమిటీ దగ్గరికొస్తుంది. సప్లయరు ఒకే కవర్లో మూడు కొటేషన్లు తెస్తాడు. ఒకటి తనది, ఒకటి బామ్మర్దిది, మూడోది ఎప్పుడో మూతపడ్డ కొట్టుది. మూడింట్లోనూ ‘ఫర్నిచర్’ స్పెల్లింగు ఒకే చోట తప్పు. పోటీ అంటే అదీ. తప్పుల్లో కూడా ఒకరికొకరు తీసిపోరు.

పెద్ద టెండరైతే అసలు పని స్పెసిఫికేషన్ దగ్గరే అయిపోతుంది. అనవసరమైన హంగులు రాయొద్దంటుంది రూల్ 144. ల్యాప్‌టాప్ బరువు సరిగ్గా 1.37 కిలోలుండాలనడం హంగెలా అవుతుంది? ఆ తూకానికి తూగే కంపెనీ ఒక్కటే ఉంటే అది దాని అదృష్టం. 2016లో ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ వచ్చి బజారంతా తెర మీదికెక్కింది. ఏం కావాలో రాసే చెయ్యి మాత్రం పాతదే.

సంవత్సరాంతంలో ఖర్చు కోసం హడావుడి పడితే ఆర్థిక ఔచిత్యానికి భంగమంటుంది రూల్ 62. అందుకే మార్చి 31 రాత్రి పదకొండింటికి కూడా ఎవరూ హడావుడి పడరు. ప్రశాంతంగా సంతకాలు పెడతారు. ఏసీలు ఏప్రిల్లో దిగుతాయి, స్టాకు రిజిస్టర్లో మాత్రం మార్చిలోనే చల్లగా కూర్చుంటాయి.

ఇంతమంది నిష్ఠాపరుల మధ్య ఎక్కడో ఒక అమాయకుడు ఉంటాడు. అందరికంటే తక్కువ ధర కోట్ చేసిన ‘ఎల్1’ వాడి కుర్చీ ఆర్నెల్లు ఆగదని తెలిసి, రెండొందలు ఎక్కువ పెట్టి గట్టిది కొంటాడు. ఆడిట్ అభ్యంతరం వచ్చేది అతనికే. తక్కువ ధర ఉండగా ఎక్కువెందుకిచ్చారో చెప్పమంటారు. సంజాయిషీలు రాసి రాసి రిటైరవుతాడు. నాలుగు బిల్లులాయన ఫైలు మాత్రం పేజీ నంబర్లతో సహా కడిగిన ముత్యం.

ఆడిట్ వారికి ఒక్కటే విన్నపం. కాగితాలు ఎలాగూ సరిగ్గానే ఉంటాయి. ఈసారి ఫైలు పక్కనపెట్టి, ఆ ఎల్1 కుర్చీలో ఒక గంట కూర్చోండి. ఆడిట్ పేరా దానంతటదే పడుతుంది. మీరు పడకుండా చూసుకోండి, చాలు.