గాలి లేని చోట పుట్టాను

నేను ఓఎల్‌ఈడీ తెరను. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలోని ఎడపల్లి మా ఊరు. ఎంఎస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి ఫోనులో ఉంటాను. పొద్దున ఆమెతోపాటు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికి వెళ్తాను, సాయంత్రం ఇల్లు చేరతాను. నాలో వెలిగేది కార్బన్ ప్రధానంగా ఉన్న సేంద్రియ పదార్థం. అలాంటి పదార్థం కరెంటుకు వెలగడం వెనుక కొందరి జీవితకాలపు శ్రమ ఉంది. నా కథ అంటే ముందు వాళ్ల కథే.

1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్ బృందం ఆంథ్రసీన్ అనే సేంద్రియ పదార్థపు స్ఫటికానికి కరెంటిచ్చి వెలుగు రప్పించింది. అందుకు వందల వోల్టులు కావలసి వచ్చాయి. అంత వోల్టేజీతో ఇంట్లో వాడుకునే వస్తువు తయారు కాదు. అందుకే ఆ వెలుగు ఏళ్ల తరబడి ప్రయోగశాల గడప దాటలేదు.

గడప దాటించినవారు చింగ్ టాంగ్. హాంకాంగ్‌లో పుట్టి, అమెరికాలోని కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసి, 1975లో రోచెస్టర్‌లోని కొడాక్ పరిశోధనశాలలో చేరారు. ఎండను కరెంటుగా మార్చే సేంద్రియ సెల్ మీద ఏళ్లపాటు పనిచేసి, రెండు పదార్థాలను పొర మీద పొరగా పేర్చి సాధించిన ఫలితాన్ని 1986లో ప్రచురించారు. ఆ రెండు పొరల పద్ధతే వెలుగు పుట్టించడానికీ అక్కరకొచ్చింది. 1987లో స్టీవెన్ వాన్ స్లైక్‌తో కలిసి ‘అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్’ పత్రికలో నా పుట్టుకను లోకానికి చెప్పారు.

వారు చేసిన దీపంలో ఒక పొర మందం సుమారు 75 నానోమీటర్లు, రెండోది సుమారు 60. మిల్లీమీటరులో 10 లక్షల వంతు ఒక నానోమీటరు. మొదటి పొర ధనావేశాలను మోసుకొస్తుంది. ఆల్‌క్యూ3 అనే రెండో పొర ఎలక్ట్రాన్లను తెస్తుంది. రెండు పొరలు ఆనుకున్నచోట అవి జతకూడి ఆకుపచ్చ వెలుగవుతాయి. పొర అంత పలుచనైనందువల్లే 10 వోల్టులలోపే వెలుగొచ్చింది.

ఆ అమ్మాయి వాళ్ల తాత శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో, చక్కెర వండే పాన్‌ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ పని ఆయనకు ఇంకా కళ్లముందే ఉంది. ఒకనాడు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బిడ్డా, దీని ఎనుక బల్బు ఉన్నదా?”

“లేదు తాతా. చుక్క చుక్క అదే వెలుగుతది. నల్లగ కనవడే కాడ అసలు కరెంటే పోదు.”

“గంత సన్నటి పొర ఎట్ల పూస్తరే?”

“పూయరు తాతా. లోపలి గాలంత తీసేసి పొడిని వేడి చేస్తరు. అది ఆవిరై పొయ్యి అద్దానికి అంటుకుంటది.”

తాత ముఖం విప్పారింది. “గాలి తీసుడు నాకు తెల్వదా! మా పాన్‌ల గట్లనే గదా. గాలి గుంజేస్తే పాకం తక్కువ వేడికే ఉడుకుతది. లేకుంటే మాడి రంగు మారుతది. పలుకు కట్టేదాక కన్ను పక్కకు తిప్పకపోతుంటిమి.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మామూలు గాలిలో కాస్తే నా అణువులు కూడా చెడిపోతాయి. గాలి తీసేసిన గదిలో తక్కువ వేడికే ఆవిరై, దారిలో దేన్నీ ఢీకొనకుండా నేరుగా అద్దాన్ని చేరతాయి. సన్నని రంధ్రాల లోహపు రేకు అడ్డుపెట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను వేర్వేరుగా దించుతారు. వాటి కింద పలుచని పొరలతోనే చేసిన ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఏ చుక్కకు ఎంత కరెంటు పోవాలో అవే చూసుకుంటాయి.

పుట్టాక కూడా నాకు గాలి పడదు. తేమ, ఆక్సిజన్ లోపలికి చొరబడితే నా మీద నల్లమచ్చలు లేస్తాయి. అందుకే నన్ను గట్టిగా మూసి పంపుతారు. ఆ మూత బాగుంటేనే ఈ ఊరి వానాకాలం గట్టెక్కుతాను.

నా వాళ్లలో మొదట అంగడికి వచ్చింది 1997లో, పయనీర్ కంపెనీ కారు స్టీరియోలో. 2007లో సోనీ 11 అంగుళాల టీవీ తెచ్చింది. దాని తెర మందం 3 మిల్లీమీటర్లే. టాంగ్‌కు 2011లో వుల్ఫ్ బహుమతి, 2019లో క్యోటో బహుమతి దక్కాయి.

పని మాత్రం పూర్తి కాలేదు. నాలోని నీలం మిగతా రంగులకంటే ముందే అలసిపోతుంది. నీలం వెలుగుకు ఎక్కువ శక్తి కావాలి, ఆ శక్తే అణువుల బంధాలను తెంచుతుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ కాలం నిలిచే నీలాన్ని పరిశోధకులు ఇంకా వెతుకుతున్నారు. ఈ అమ్మాయి రాత్రుళ్లు నా మీద చదివే వ్యాసాల్లో ఎక్కువ భాగం దాని గురించే. పాన్ ముందు నిలబడి పలుకు కట్టేదాకా కాచుకున్న మనిషి ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ ఓర్పు కొత్త కాదు. నా తర్వాతి తరానికి కావలసిన నీలం ఈమెలాంటి వాళ్ల చేతుల్లోనే తయారు కావాలని కోరుకుంటున్నాను.