ఖాళీ అరేకు తలకిందుల సలహాలు

మాదాపూర్‌లో ఏ టీమ్‌లో చేరినా సీనియర్లు చెప్పే మాట ఒకటుంది: "డేటా ఖాళీగా వస్తే ఫంక్షన్ మొదట్లోనే రిటర్న్ చేసెయ్." వినకండి. ఖాళీ అరేను లోపలికి రానివ్వండి, చివరిదాకా నడవనివ్వండి.

సైబర్ టవర్స్ కూడలి కెమెరా ఫ్రేముల్లో బండ్లను గుర్తించే ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. బండికో వరుస, వరుసకు నాలుగు అంకెలు. సాయంత్రం ఏడింటికి 60 × 4. తెల్లవారుజామున ఒక్క బండీ లేని ఫ్రేముకు రావాల్సింది 0 × 4. కానీ ఖాళీ లిస్టును నంపై అరేగా మారిస్తే వచ్చేది ఉత్త (0,). ఆ నాలుగు కాస్తా పోయింది. మూడో కాలమ్ అడిగితే ఇండెక్స్ ఎర్రర్, మిగతా ఫ్రేములతో కలపబోతే వాల్యూ ఎర్రర్. షేప్ (0, 4) అని మీరే రాయండి. అన్నీ కలుస్తాయి, కాలమ్‌ల మొత్తం అడిగితే నాలుగు సున్నాలు వస్తాయి.

రీషేప్‌లో -1 రాయడం మానండి. రివ్యూలో "హార్డ్‌కోడింగ్ ఎందుకు?" అంటారు, అననివ్వండి. (-1, 4) అంటే ఇబ్బంది లేదు, సున్నాను నాలుగుతో భాగిస్తే సున్నాయే. బ్యాచ్‌ను చదును చేయడానికి అందరూ అలవాటుగా రాసే (బ్యాచ్ సైజు, -1)తోనే చిక్కు. బ్యాచ్ సైజు సున్నా అయితే రెండోది ఎంతైనా కావచ్చు, సున్నాను దేంతో గుణించినా సున్నాయే కదా! నంపై, పైటార్చ్ రెండూ ఎర్రర్ ఇస్తాయి. ఇవ్వాలి కూడా. మిగతా డైమెన్షన్లను గుణించి ఆ సంఖ్యను మీరే ఇవ్వండి, లైను పొడవైనా సరే.

నంపై కన్నా ముందు ఏపీఎల్ నేర్చుకోండి. కెనెత్ ఐవర్సన్ 1962 పుస్తకం నుంచి పెరిగిన భాష అది. అందులో ఖాళీ అంకెల వెక్టర్‌ను మూడుకు రీషేప్ చేస్తే మూడు సున్నాలు, ఖాళీ అక్షరాలదైతే మూడు ఖాళీ జాగాలు వస్తాయి. అదే ఐవర్సన్ తర్వాత రోజర్ హుయితో కలిసి చేసిన జే భాష మాత్రం లెంగ్త్ ఎర్రర్ అంటుంది. నంపై రీషేప్ కూడా ఒప్పుకోదు, దాని రీసైజ్ మాత్రం సున్నాలతో నింపేస్తుంది. నా ఓటు జేకే. లేని కొలతను సున్నాగా చూపడం పరీక్షకు రాని పిల్లాడికి సున్నా మార్కులు వేయడమే.

అందుకే ఖాళీ అరేకు మ్యాక్స్ అడిగినప్పుడు వచ్చే ఎర్రర్‌ను ట్రై-ఎక్సెప్ట్‌తో సున్నా చేయకండి. కూడికకు 0, గుణకారానికి 1 ఉన్నాయి, గరిష్ఠానికి అలాంటిది నంపై ఊహించలేదు. ఏది సరైనదో ఇనిషియల్ విలువగా మీరే చెప్పండి.

ఇక టెస్టులు. "ఇది ప్రొడక్షన్‌లో రాదు" అని మేనేజర్ అన్నా మొదటి టెస్టు 0 × 4 కే రాయండి. తర్వాత 1 × 4. అవి రెండూ పాసయ్యాకే 60 × 4 ముట్టుకోండి.